న్యూజెర్సీలో బయటే పార్కింగ్, కొనేది పాత కన్వర్టిబుల్: మియాటానా, జెడ్4నా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. ఎడిసన్‌లో అపార్ట్‌మెంట్, గరాజ్ లేదు, ఏడాది పొడుగునా బయటే పార్కింగ్, సొంతంగా రిపేర్లు చేసే అలవాటూ లేదు. ఆఫీసుకు వేరే కారు ఉంది, ఇది శని, ఆదివారాల సరదాకి. 11 వేల డాలర్ల లోపు, పైకప్పు (టాప్) తెరుచుకునే రెండు బళ్ళు చూసిపెట్టుకున్నారు. ఒకటి 2008 మాజ్దా ఎంఎక్స్-5 మియాటా, బటన్ నొక్కితే మడతపడే హార్డ్‌టాప్‌ది, 98 వేల మైళ్ళు. రెండోది 2004 బీఎండబ్ల్యూ జెడ్4 2.5ఐ, క్లాత్ టాప్, 84 వేల మైళ్ళు. ఏది కొనాలి, కొన్నాక ఎలా చూసుకోవాలి, ఎప్పటికైనా ఇండియా వెళ్ళిపోతే వెంట తీసుకెళ్ళొచ్చా అని అడిగారు.

సూటిగా చెప్తున్నా: మియాటా తీసుకోండి. అది కూడా కింద చెప్పిన నీళ్ళ పరీక్ష పాసైతేనే. ఫెయిలైతే ఈ రెండూ వదిలేసి మూడోది వెతుక్కోండి, తొందరేం లేదు. ఇండియా సంగతి ఇప్పుడే తేల్చేద్దాం: కుదరదు. బయటి నుంచి తెచ్చే పాత కారు తయారై మూడేళ్ళు దాటకూడదు, స్టీరింగ్ కుడివైపు ఉండాలి. ఈ రెండు బళ్ళూ రెండు లెక్కల్లోనూ తప్పినట్టే. వెళ్ళేటప్పుడు అమ్మేయడమే.

ఇక కారణాలు. పాత కన్వర్టిబుల్ కొనేవాళ్ళలో ఎక్కువమంది మైలేజీ, ఇంజిను, యాక్సిడెంట్ రిపోర్టు చూస్తారు. అవీ చూడాల్సినవే. కానీ నేను అన్నిటికన్నా ముందు చూసేది, టాప్ మీద పడ్డ వాన నీళ్ళు ఎటు పోతున్నాయి అన్నది. పాత పెంకుటిల్లు కొనేవాడు గోడల సున్నం చూసి మురిసిపోడు, వానాకాలంలో ఏ మూల కురుస్తుందో అడుగుతాడు. ఇక్కడా అంతే.

ఈ బళ్ళ టాప్ మామూలు కారు పైకప్పులా ఒకే రేకు కాదు. టాప్ మీద నుంచి జారిన నీళ్ళలో కొంత వెనక అంచున ఉండే కాలువలోకి దిగుతుంది. అక్కడి నుంచి సీట్ల వెనక సన్నటి గొట్టాల్లోంచి బండి కిందికి పోతుంది. కంపెనీవాళ్ళు అలాగే డిజైన్ చేశారు. చెట్ల కింద ఆపిన బండిలో ఆకులు, పైన్ సూదులు, దుమ్ము చేరి ఆ గొట్టాలు పూడిపోతాయి. అప్పుడు నీళ్ళు లోపలికి పొంగుతాయి. కార్పెట్ కింద మందంగా ఫోమ్ ఉంటుంది. అది నీళ్ళు తాగేసి వారాల తరబడి వదలదు. పైన చెయ్యి పెడితే పొడిగానే తగులుతుంది, కింద మాత్రం తుప్పు పని చేసుకుంటూ పోతుంది.

తుప్పు ఒక్కటే అయితే సగం బాధే. ఆ నీళ్ళు చేరే చోటే కంపెనీవాళ్ళు ఖరీదైన వస్తువులు పెట్టారు. మీరు చూసిన ఆ తరం జెడ్4లో టాప్‌ను నడిపే హైడ్రాలిక్ మోటారు వెనక ఎడమ పక్క గుంటలో కూర్చుంటుంది. ఆ నీళ్ళ గొట్టం, అంటే డ్రెయిన్, పూడిందంటే మోటారు మునిగిందన్నమాటే. దాన్ని మార్చాలంటే టాప్‌ను కదిలించాలి, కాబట్టి పార్టు కన్నా కూలీ ఎక్కువ భయపెడుతుంది. విసిగిపోయిన ఓనర్లు కొత్త మోటారును ట్రంక్‌లోకి మార్చి బిగించుకుంటారు. మొదటి తరం పోర్షా బాక్స్‌టర్‌లో డ్రైవర్ సీటు కింద ఇమ్మొబిలైజర్ డబ్బా, అంటే సరైన తాళంచెవి లేకపోతే బండి స్టార్ట్ కానివ్వని ఎలక్ట్రానిక్ పెట్టె, ఉంటుంది. ఫిలడెల్ఫియా దగ్గరుండే మా మిత్రుడొకాయన ఆ బాక్స్‌టర్ కొన్నాడు. ఇంజిను అద్భుతం. పెద్ద వాన పడ్డ మర్నాడు తాళాలు పనిచేయలేదు, బండి స్టార్ట్ కాలేదు. ఇంజిను గురించి నెలల తరబడి చదివి కొన్న మనిషి, చివరికి ఖర్చు పెట్టింది ఆకులు అడ్డుపడ్డ ఒక గొట్టం వల్ల.

జెడ్4ను తక్కువ చేయడం లేదు. 2.5 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజిను, 184 హార్స్‌పవర్, వినడానికి మియాటా కన్నా ఎంతో బాగుంటుంది. కానీ ఇరవై ఏళ్ళు దాటిన బీఎండబ్ల్యూలో కూలింగ్ సిస్టమ్ ప్లాస్టిక్ భాగాలు, వాటర్ పంపు, ఆయిల్ ఫిల్టర్ హౌసింగ్ దగ్గర గ్యాస్కెట్, వేనోస్ (ఇంజిను వాల్వుల టైమింగ్ మార్చే భాగం) సీళ్ళు ఒకదాని వెనక ఒకటి వరసలో నిలబడి ఉంటాయి. ఎండలో చాలాసేపు నడిపితే స్టీరింగ్ మధ్యలో పట్టేసినట్టు ఉండే జబ్బు కూడా ఈ మోడల్‌కి బాగా తెలిసిందే. సొంతంగా రెంచీ పట్టేవాళ్ళకి, గరాజ్ ఉన్నవాళ్ళకి అది మంచి బండి. మీకు ఆ రెండూ లేవని మీరే రాశారు.

మియాటా వైపు మొగ్గడానికి కారణం అది గొప్ప బండి అని మాత్రమే కాదు, సాదా బండి. 1989లో మొదలై ఇప్పటికి నాలుగు తరాలు వచ్చాయి. 2016లో పది లక్షలో బండి ఫ్యాక్టరీ నుంచి బయటికొచ్చింది. పార్టులు దొరుకుతాయి, ఏ వీధి మెకానిక్ అయినా చేస్తాడు. మొదటి రెండు తరాల్లో, అంటే 2005 దాకా, టైమింగ్ బెల్టు ఉంటుంది. దాదాపు 60 వేల మైళ్ళకోసారి మార్చాలి. మీరు చూస్తున్నది 2006 నుంచి 2015 దాకా వచ్చిన మూడో తరం, ఎన్‌సీ అంటారు. దీనికి చెయిన్, ఆ ఖర్చు లేదు. కాస్త పొడుగు, ఒడ్డు ఉన్న మనిషికి నాలుగు తరాల్లో ఇదే సుఖం. 2009లో చిన్న మార్పులతో వచ్చినప్పుడు ఇంజిను లోపలి భాగాలు గట్టిపరిచారు. కాబట్టి అదే ధరకు 2009 తర్వాతిది దొరికితే అటు మొగ్గండి, దొరక్కపోతే 2008తో నష్టమేం లేదు. ఒకటే షరతు, ఆయిల్ డిప్‌స్టిక్ తీసి చూడండి. ఈ ఇంజిను ఆయిల్ తక్కువైతే ఓర్చుకోదు. అమ్మే రోజున డిప్‌స్టిక్ కింది గీత దగ్గర ఉందంటే ఆ ఓనరు మిగతావి కూడా అలాగే చూసుకుని ఉంటాడు. కూలెంట్ నిలవుండే ప్లాస్టిక్ డబ్బా పచ్చబడి పగుళ్ళు తీస్తుంది, అది ఈ తరానికి మామూలే. చవక పార్టు. కానీ పగిలిన డబ్బాతో నడిపితే ఇంజినే పోతుంది.

హార్డ్‌టాపా, సాఫ్ట్ టాపా? గరాజ్ ఉంటే సాఫ్ట్ టాపే మేలంటాను: తేలిక, చేత్తో ఒక్క ఊపులో వెనక్కి వేసుకోవచ్చు, చెడిపోవడానికి మోటార్లు లేవు. మీ పరిస్థితిలో మాత్రం హార్డ్‌టాపే. మంచు బరువు, ఎండ, పిట్టల రెట్టలు, పార్కింగ్‌లో బ్లేడు పెట్టి కోసే వెధవలు, వీటన్నిటికీ అది తట్టుకుంటుంది. ట్రంక్ చోటు కూడా తగ్గదు, టాప్ సీట్ల వెనకే సర్దుకుంటుంది. కానీ దానికీ డ్రెయిన్లున్నాయి. పైది గట్టిదని నీళ్ళు వేరే దారిన పోవు.

ఇక బండి బాడీ సంగతి. పైకప్పు లేని బండికి బలమంతా కింద, తలుపుల కింది అంచుల్లో ఉంటుంది. మామూలు సెడాన్‌కి అక్కడ తుప్పు పడితే చూడ్డానికి అసహ్యం. కన్వర్టిబుల్‌కి పడితే వెన్నెముక పోయినట్టే. న్యూజెర్సీ, పెన్సిల్వేనియా, న్యూయార్క్ రోడ్ల మీద చలికాలమంతా ఉప్పు చల్లుతారు కాబట్టి ఇక్కడ పెరిగిన బండికి ఈ భయం ఎక్కువ. మియాటాల్లో వెనక చక్రానికి ముందుండే మూల, చక్రం పైన వంపు అంచు, ఈ రెండూ వేలితో తడిమి చూడండి. గుడ్డలో చుట్టిన చిన్న అయస్కాంతం జేబులో వేసుకెళ్ళండి. పెన్సిల్వేనియాలో ఒకాయన దగ్గర రెండో తరం మియాటా చూడ్డానికి వెళ్ళాం. కొత్త టాప్, కొత్త పెయింటు, సీట్లు మెరిసిపోతున్నాయి. అయస్కాంతం తలుపు మీద అతుక్కుంది, దాని కింది అంచు మీద జారిపోయింది. లోపలంతా పుట్టీ. ఇంజిను పోతే ఇంకోటి దొరుకుతుంది, ఆ కింది అంచు పోతే బండి లేదు.

దక్షిణాది బండి, అంటే టెక్సస్, ఆరిజోనా వైపుది దొరికితే తుప్పు బాధ తక్కువ. బదులుగా ఎండకి రబ్బరు సీళ్ళు, డ్యాష్‌బోర్డు, టాప్ ఎండిపోయి ఉంటాయి. నేనైతే ఎండ తిన్న బండినే ఎంచుకుంటాను, రబ్బరు మార్చుకోవచ్చు.

మన న్యూజెర్సీలో రెండు తుఫానులు గుర్తుపెట్టుకోండి: 2012 అక్టోబర్‌లో శాండీ, 2021 సెప్టెంబర్ మొదట్లో ఐడా అవశేషాలు. 2008 బండి ఈ రెండిటికీ ఇక్కడే ఉండి ఉండొచ్చు. ఇంత కిందికుండే బండిలోకి మోకాలి లోతు నీళ్ళైనా చాలు. సీటు బెల్టు చివరిదాకా బయటికి లాగండి. బురద గీత, మరకలు ఉంటే మారుమాట లేకుండా వెనక్కి తిరగండి. విన్ నంబరుతో (ప్రతి బండికీ ఉండే గుర్తింపు నంబరు) ఎన్‌ఐసీబీ అనే ఇన్సూరెన్సు మోసాల నిఘా సంస్థ వాళ్ళ విన్‌చెక్ ఉచితంగా చూడొచ్చు. రీకాల్స్ (లోపం ఉందని కంపెనీ వెనక్కి పిలిచి బాగుచేసేవి) పెండింగ్ ఉన్నాయేమో కేంద్ర ప్రభుత్వ రోడ్డు భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ సైటులో చూడొచ్చు. వరదలో మునిగిన బండి టైటిల్ (యాజమాన్య పత్రం) ఇంకో రాష్ట్రం తిరిగొచ్చి శుభ్రంగా కనిపించడం కొత్తేం కాదు, అందుకే కాగితం కన్నా బెల్టునే నమ్ముతాను.

ఇంకోటి, "ఇన్‌స్పెక్షన్ స్టిక్కర్ కొత్తగా వేయించా" అని అమ్మేవాళ్ళు గొప్పగా చెప్తారు. న్యూజెర్సీలో 2010 నుంచి మామూలు కార్లకు బ్రేకులు, స్టీరింగ్, టైర్ల తనిఖీ తీసేశారు. ఆ స్టిక్కర్ చెప్పేది పొగ గురించే. బండి కిందంతా తుప్పు పట్టినా స్టిక్కర్ వస్తుంది.

ఇక నీళ్ళ పరీక్ష. అమ్మే ఆయనకు ముందు రోజే చెప్పండి, రాత్రంతా టాప్ వేసి, అద్దాలు మూసి ఉంచమని. మీరు వెళ్ళి తలుపు తీయగానే మొదటి వాసన మీ ముక్కుకే తెలియాలి. ముక్కిపోయిన వాసన వచ్చినా, దాన్ని కప్పడానికి కొత్త సెంటు అట్ట వేలాడుతున్నా అనుమానించండి. సీట్లు ముందుకు జరిపి, వాటి వెనక కార్పెట్ అంచు ఎత్తి కింద ఫోమ్‌లోకి వేళ్ళు నొక్కండి. ట్రంక్ అడుగున కూడా అంతే. తర్వాత ఒక సీసా నీళ్ళు టాప్ వెనక మూలల్లో, కాలువ ఉన్న చోట, నెమ్మదిగా పోయండి. ఒకరు పోస్తుంటే ఒకరు కిందికి వంగి చూడాలి. రెండు పక్కలా నీళ్ళు నేల మీద ధారగా పడాలి. ఒక పక్క పడి ఇంకో పక్క పడకపోతే డ్రెయిన్ పూడింది. అది శుభ్రం చేయడం పెద్ద పని కాదు, కానీ ఎన్నాళ్ళుగా పూడి ఉందన్నదే ప్రశ్న. దానికి సమాధానం కార్పెట్ కింద ఉంటుంది. అక్కడ పొడిగా, తుప్పు లేకుండా ఉంటే ధర తగ్గించమని అడిగి కొనండి.

అమ్మే ఆయన నీళ్ళు పోయనివ్వనంటే? నమస్కారం పెట్టి వచ్చేయండి. వానకు తడవడానికి పుట్టిన వస్తువు మీద ఒక సీసా నీళ్ళకు భయపడుతున్నాడంటే ఆయనకేదో తెలుసు.

టాప్‌ను కనీసం రెండుసార్లు వేసి తీయమనండి, మొదటిసారి ఇంజిను చల్లగా ఉన్నప్పుడే. ఎన్‌సీ హార్డ్‌టాప్‌కి ముందు అద్దం పైన ఉండే గొళ్ళెం చేత్తో తీసి, తర్వాత బటన్ పట్టుకోవాలి. పన్నెండు సెకన్ల పని. మధ్యలో ఆగి ఆలోచించినా, ఒక పక్క ముందు, ఒక పక్క వెనక వచ్చినా మంచిది కాదు. జెడ్4 కూడా చూస్తానంటే, టాప్ కదిలేటప్పుడు వెనక నుంచి మూలుగు వినిపిస్తే ఆ మోటారు నీళ్ళు తాగినట్టే. హైవే మీద 65లో నడిపి, టాప్ మూసి ఉన్నప్పుడు ఈల శబ్దం ఎక్కడ నుంచి వస్తుందో వినండి. గాలి దూరే చోట నీళ్ళూ దూరతాయి.

ఇవన్నీ మీరు చూశాక, ఆ ఓనరుకి సంబంధం లేని మెకానిక్ దగ్గర లిఫ్ట్ ఎక్కించి చూపించండి. 150 నుంచి 250 డాలర్లు తీసుకుంటారు. ముందే పంపితే, మీరు అయస్కాంతంతో తేల్చగల బండికి కూడా డబ్బు కట్టాల్సొస్తుంది. టైరు పక్కన అచ్చయి ఉండే డాట్ నంబరులో చివరి నాలుగంకెలు చూడండి: 2319 అంటే 2019లో 23వ వారం. సరదా బళ్ళ టైర్లు అరగవు, ముసలివైపోతాయి. గాడి ఎంత లోతుగా ఉన్నా ఆరేళ్ళు దాటితే మార్చే ఖర్చు లెక్కలో వేసుకోండి.

డబ్బు సంగతి: 11 వేలూ బండికే పెట్టకండి. 10 వేలకు బేరం కుదిరితే ఎంవీసీలో (న్యూజెర్సీ వాహనాల ఆఫీసు) 6.625 శాతం సేల్స్ ట్యాక్స్, అంటే 662 డాలర్ల పైన. ఇన్సూరెన్సు, టైర్లు, ఆయిళ్ళు వేరే. టైటిల్ మీద బ్యాంకు లీన్, అంటే తీరని అప్పు హక్కు, ఉంటే అది తీరిన కాగితం చేతికి రాకుండా డబ్బు ఇవ్వొద్దు. కొనడానికి నవంబర్ నుంచి ఫిబ్రవరి మంచి కాలం. ఏప్రిల్‌లో ఎండ కాయగానే అందరికీ టాప్ లేని బండి మీద మనసు పోతుంది, ధరలు అక్కడే ఎక్కుతాయి.

కొన్నాక చూసుకోవడం చాలామంది అనుకున్నంత కష్టం కాదు. ఆకులు రాలాక ఒకసారి, వసంతంలో ఒకసారి డ్రెయిన్లు శుభ్రం చేయండి. గడ్డి కోసే మిషన్‌లో వాడే నైలాన్ తీగ చాలు, మెల్లగా తోసి నీళ్ళు పోయండి. ఇనుప తీగ, గాలి పంపు వద్దు, గొట్టం లోపల కీలు దగ్గర ఊడొస్తే ఇక నీళ్ళు బండి లోపలే. రబ్బరు సీళ్ళకు ఏడాదికి రెండుమూడుసార్లు సిలికాన్ గ్రీజు పలచగా రాయండి. వాజలీన్‌లాంటి పెట్రోలియం సరుకు రాస్తే రబ్బరు ఉబ్బుతుంది.

ఒకవేళ సాఫ్ట్ టాప్‌దే దొరికితే ముందు అది వినైలా, క్లాతా తెలుసుకోండి, రెండిటి మందులు వేరు. వినైల్‌కి ఎండ నుంచి కాపాడే ప్రొటెక్టెంట్, క్లాత్‌కి నీళ్ళు జారిపోయే ఫాబ్రిక్ స్ప్రే. గిన్నెలు కడిగే సబ్బు దేనికీ పనికిరాదు. బ్రష్షులు తిరిగే కార్ వాష్‌కి వెళ్ళొద్దు, ప్రెషర్ వాషర్‌ను టాప్ కుట్ల దగ్గరికి రానివ్వొద్దు. తడి టాప్ మడిచి వదిలేస్తే బూజు ఖాయం. మొదటి తరం మియాటాలకు వెనక అద్దం ప్లాస్టిక్‌ది, జిప్పు ఉంటుంది. చలిలో దాన్ని మడిస్తే టప్పున పగులుతుంది. నాది 2001ది, వెనక గాజు అద్దమే, అయినా గడ్డకట్టే చలిలో టాప్ తీయను.

బయట పార్కింగ్ కాబట్టి గాలాడే కవర్ కొనండి. ప్లాస్టిక్ పట్టా కప్పితే కింద చెమ్మ నిలిచి మీరు తప్పించుకోవాలనుకున్నదే జరుగుతుంది. మంచు పడితే టాప్ మీద నుంచి మెత్తటి బ్రష్షుతో తోసేయండి, గీకొద్దు. ఐసు కరిగేదాకా బటన్ ముట్టుకోవద్దు. వేసవి టైర్లున్న బండైతే 45 డిగ్రీల ఫారెన్‌హీట్ కన్నా చలిలో నడపకండి, పట్టు ఉండదు. చలికాలంలో టాప్ వేసే ఉంచాలి, మడిచి నెలలు వదిలితే మడతలు శాశ్వతం. బ్యాటరీకి చార్జర్ తగిలించడానికి పార్కింగ్‌లో కరెంటు పాయింట్ లేకపోతే రెండు వారాలకోసారి అరగంట నడిపి రండి. ఊరికే స్టార్ట్ చేసి ఐదు నిమిషాల్లో ఆపడం బ్యాటరీకి మేలు కన్నా కీడు. ఉప్పు రోడ్డు మీద నడిపిన వారంలోనే బండి అడుగు కడిగించండి.

సాఫ్ట్ టాప్ ఓనర్లు పాటించే మాట ఇంకొకటుంది: బండిలో ఏ వస్తువూ ఉంచకుండా, తలుపులు తాళం వేయకుండా వదిలేయడం. దొంగ తలుపు తీసి చూసి పోతాడు, వందల డాలర్ల టాప్ కోయడు. మీరు హార్డ్‌టాప్ తీసుకుంటే ఈ తిప్పలు లేవు, తాళం వేసుకోండి.

పిల్లలున్నారో లేదో మీరు రాయలేదు. వెనక్కి తిరిగి కూర్చునే పసిపిల్లల సీటు ఎయిర్‌బ్యాగ్ పనిచేసే ముందు సీట్లో పెట్టకూడదు. అలాంటి వయసు పిల్లలుంటే రెండు సీట్ల బండి కాకుండా మస్టాంగ్ కన్వర్టిబుల్ లాంటి నాలుగు సీట్లది చూడండి. 2005 నుంచి 2014 దాకా వచ్చిన వాటిలో ముందు ప్యాసింజర్ కాళ్ళ దగ్గర కార్పెట్ తడి చూడాలి, అక్కడ నీళ్ళు దిగే జబ్బుంది.

ఆ మియాటా ఓనరును నాలుగు ఫొటోలు అడగండి: సీట్ల వెనక కార్పెట్ ఎత్తినప్పుడు, వెనక చక్రాల ముందు మూలలు రెండు పక్కలా, కూలెంట్ డబ్బా, టాప్ సగం తెరిచి ఉన్నప్పుడు పక్క నుంచి. ఇక్కడ పెట్టండి, వెళ్ళి చూడదగ్గ బండో కాదో చెప్తాను.